క్యాట్ ఫారం నుంచి ఐఐఎం సీటు దాకా: ఎంబీఏ దరఖాస్తు ఏ వరుసలో, ఎలా చేయాలి

ఆగస్టు మొదలైతే చాలు, జూనియర్ల నుంచి ఫోన్లు వస్తాయి. “అన్నా, నా దగ్గర బీసీ సర్టిఫికెట్ ఉంది, ఓబీసీ అని పెట్టేయొచ్చా?” “మెమోలో జీపీఏ మాత్రమే ఉంది, పర్సంటేజీ ఎంత వేయాలి?” “రిజల్ట్ వచ్చాక మిగతా కాలేజీలకు అప్లై చేస్తే సరిపోతుంది కదా?” ఈ చివరి ప్రశ్న డిసెంబరు నెలాఖరులో వస్తే బాధేస్తుంది. అప్పటికి చాలా కాలేజీల గడువు దాటిపోయి ఉంటుంది.

పరీక్షకు ఏడాది పొడవునా చదివిన పిల్లలు ఫారానికి మాత్రం ఒక్క సాయంత్రం కేటాయిస్తారు. మంచి పర్సంటైల్ (పరీక్ష రాసినవాళ్ళలో ఎంత శాతం మంది కంటే ముందున్నామో చెప్పే అంకె) తెచ్చుకొని కూడా కాగితం దగ్గర సీటు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. అందుకే ఇక్కడ చదువు గురించి దాదాపు ఏమీ చెప్పను. ఏ కాగితం ఎప్పుడు తెచ్చుకోవాలి, ఫారంలో ఏ గడిలో ఏం రాయాలి, ఆ తర్వాత ఏ వరుసలో నడవాలి, అంతవరకే.

1. ముందు క్యాలెండర్ గీసుకోండి

క్యాట్‌ను (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) ఏటా ఒక ఐఐఎం (కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ) నిర్వహిస్తుంది. 2024లో కలకత్తా, 2025లో కోళిక్కోడ్ నిర్వహించాయి. తేదీలు కొద్దిగా మారినా క్రమం మారదు:

- జులై చివర: నోటిఫికేషన్
- ఆగస్టు 1 ప్రాంతం నుంచి సెప్టెంబరు మధ్య వరకు: రిజిస్ట్రేషన్
- నవంబరు: అడ్మిట్ కార్డు, నెలాఖరు ఆదివారం పరీక్ష (2025లో నవంబరు 30)
- డిసెంబరు రెండో సగం: ఫలితాలు
- జనవరి నుంచి ఏప్రిల్: షార్ట్‌లిస్టులు, ఇంటర్వ్యూలు
- ఏప్రిల్, మే, జూన్: ఆఫర్లు, వెయిటింగ్ లిస్టు కదలిక

కాగితాల పని మాత్రం జూన్‌లోనే మొదలుపెట్టాలి. రిజిస్ట్రేషన్ తెరిచాక మొదలుపెడితే కుల, ఆదాయ ధ్రువపత్రాల దగ్గర ఇరుక్కుంటారు.

2. అర్హత ఉందో లేదో చూసుకోండి

డిగ్రీలో 50 శాతం మార్కులు, లేదా దానికి సమానమైన సీజీపీఏ కావాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం చాలు. బీటెక్, బీకాం, బీఎస్సీ, బీఏ ఏదైనా పరవాలేదు. ఆఖరి సంవత్సరం చదువుతున్నవాళ్ళూ రాయవచ్చు.

ఆఖరి సంవత్సరం వాళ్ళు బ్యాక్‌లాగుల సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. సీటు వచ్చాక, జూన్ 30 నాటికి డిగ్రీకి కావలసినవన్నీ పూర్తిచేశానని ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్ దగ్గర ఉత్తరం తెమ్మంటారు. మన యూనివర్సిటీల్లో సప్లీ పరీక్షలు, వాటి ఫలితాలు ఎప్పుడు వస్తాయో ముందుగా చెప్పడం కష్టం. ఒక్క సబ్జెక్టు మిగిలి ఉన్నా నాలుగో ఏడాది మొదటి సెమిస్టరులోనే క్లియర్ చేసేయండి. క్యాట్ ప్రిపరేషన్‌కు రెండు వారాలు తగ్గినా సరే, ఇది ముందు.

3. కాగితాలు: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

3.1 పేరు

ఇది ముఖ్యంగా మన తెలుగువాళ్ళ సమస్య. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి పోతుంది. ఒక్క మనిషికి మూడు పేర్లు తయారవుతాయి.

పదో తరగతి మెమోను ఆధారంగా తీసుకోండి. దాన్ని మార్చడం చాలా కష్టం, ఆధార్‌ను మార్చడం తేలిక. జూన్‌లోనే ఆధార్ కేంద్రానికి వెళ్ళి మెమోలో ఉన్నట్టు మార్పించుకోండి. ఫారంలోనూ అదే పేరు, అదే అక్షరక్రమం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినవాళ్ళు, గెజిట్ ద్వారా పేరు మార్చుకున్నవాళ్ళు ఆ రుజువు పరీక్ష రోజున కూడా వెంట ఉంచుకోవాలి.

3.2 ఓబీసీ: రాష్ట్రం బీసీ వేరు, కేంద్రం ఓబీసీ వేరు

ఐఐఎంలు కేంద్ర ప్రభుత్వ రిజర్వేషన్లు పాటిస్తాయి: ఎన్‌సీ-ఓబీసీకి (నాన్ క్రీమీలేయర్, అంటే బాగా కలిగిన కుటుంబాలను తీసేయగా మిగిలిన ఓబీసీలకు) 27 శాతం, ఎస్సీకి 15, ఎస్టీకి 7.5, ఈడబ్ల్యూఎస్‌కు (ఈ రిజర్వేషన్లేవీ లేని కులాల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్ళకు) 10 వరకు. దివ్యాంగులకు 5 శాతం. మన దగ్గరి బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అనే విభజన అక్కడ లేదు.

అందుకని రెండు విషయాలు విడివిడిగా చూసుకోవాలి. మొదటిది, మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో మీ రాష్ట్రం కింద ఉందా? రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ అక్కడ ఉండదు. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా జాబితా ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు జాబితాలు. మీ కులం పేరు అక్కడ ఏ అక్షరాలతో ఉందో కాపీ చేసి పెట్టుకోండి.

రెండోది, కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ ఓబీసీ ధ్రువపత్రం మీ దగ్గర ఉందా? ఈఏపీసెట్‌కు వాడిన కుల ధ్రువపత్రం ఇక్కడ చెల్లదు. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడు “కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో చదువుకోసం ఓబీసీ సర్టిఫికెట్” అని స్పష్టంగా చెప్పండి. సాధారణంగా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినదే అడుగుతారు. కిందటేడాదిది చేతిలో ఉందని ధీమా పడొద్దు.

మా చెల్లెలికి ఇదే జరిగింది. సెప్టెంబరు మొదటి వారంలో సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే అది రాష్ట్రం నమూనా. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఆర్ఐ విచారణ, గడువుకు రెండు రోజుల ముందు సరైన కాగితం వచ్చింది. ఆ టెన్షన్‌లో పది రోజులు ఒక్క మాక్ టెస్టు కూడా రాయలేకపోయింది. కాబట్టి కాగితం చేతికిచ్చిన చోటే నిలబడి చదవండి: “భారత ప్రభుత్వ” అన్న మాట, కేంద్ర జాబితా తీర్మానం ప్రస్తావన, క్రీమీలేయర్‌కు చెందరన్న వాక్యం, సంతకం, తేదీ. ఈ ఐదూ ఉండాలి.

క్రీమీలేయర్ పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు. అయితే తల్లిదండ్రుల జీతాన్నీ సాగు ఆదాయాన్నీ మామూలు ఆదాయంలా కలిపేసి లెక్కకట్టరు, వాళ్ళ ఉద్యోగ హోదాను విడిగా చూస్తారు. అందుకే “మా నాన్నకు జీతం ఎక్కువ, మాకు రాదులే” అని ఇంట్లో కూర్చొని తేల్చేయొద్దు. దరఖాస్తు పెట్టి, తహసీల్దార్ కార్యాలయాన్నే తేల్చనివ్వండి.

3.3 ఈడబ్ల్యూఎస్

ఇక్కడ లెక్క వేరు. జీతం, సాగు, వ్యాపారం అన్నీ కలిపి కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. దానికితోడు ఆస్తి పరిమితి ఉంది. ఐదెకరాలు, అంతకు మించి సాగు భూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా అర్హత లేదు. వెయ్యి చదరపు అడుగులు లేదా అంతకు పెద్ద ఫ్లాటు, నోటిఫైడ్ మున్సిపాలిటీలో వంద గజాలు, మిగతాచోట్ల రెండు వందల గజాల ఇంటి స్థలం ఉన్నా అంతే. మెట్ట ప్రాంతంలో ఆరెకరాలుండి ఏడాదికి లక్ష కూడా మిగలని కుటుంబాలకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ నియమం అది. సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి.

3.4 ఎస్సీ, ఎస్టీ

రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చినా, ఐఐఎం ఫారంలో ఆ గ్రూపులు ఉండవు. ఎస్సీ అన్న ఒక్క వర్గమే. పాత ధ్రువపత్రం ఉన్నా, కులం పేరు, జిల్లా పేరు స్పష్టంగా కనబడేలా ఉందో లేదో చూసుకోండి.

3.5 మార్కుల లెక్క

- పదో తరగతి: మెమోలో జీపీఏ మాత్రమే ఉంటే ఫారంలో గ్రేడు పద్ధతినే ఎంచుకోండి. మీరే ఊహించి శాతం వేయొద్దు.
- ఇంటర్: 1000కి వచ్చిన మొత్తం మార్కులు. “గ్రూపు మార్కులు” అని భాషలు వదిలేసి లెక్కవేసేవాళ్ళు చాలామంది. మెమోలో కనబడే అన్ని సబ్జెక్టులూ కలపాలి.
- డిగ్రీ: మీ యూనివర్సిటీకి సూత్రం ఉంటే అదే వాడాలి. ఉదాహరణకు జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు: 7.8 ఉంటే 73 శాతం, 78 కాదు. మీ రెగ్యులేషన్‌లో ఏముందో చూసుకోండి.
- యూనివర్సిటీకి సూత్రమే లేకపోతే: మీ సీజీపీఏని గరిష్ఠ సీజీపీఏతో భాగించి వందతో గుణించండి.
- 72.86 వస్తే 72.86 అనే రాయండి. 73 అని రాయొద్దు.

ఆగస్టు ఒకటికి చేతిలో ఉండాల్సినవి:

☐ పది, ఇంటర్, డిగ్రీ మెమోలు (ఇప్పటివరకు వచ్చిన సెమిస్టర్లన్నీ)
☐ కేంద్ర నమూనాలో వర్గ ధ్రువపత్రం
☐ మెమోతో పేరు కలిసే గుర్తింపు కార్డు
☐ తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో కొత్త ఫోటో, కనీసం ఆరు కాపీలు
☐ సంతకం స్కాన్
☐ ఉద్యోగం చేస్తుంటే ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, మానేసిన చోటు నుంచి రిలీవింగ్ లెటర్

ఫోటో కాపీలు ఎందుకంటే, ఫారంలో పెట్టిన ఫోటోనే అడ్మిట్ కార్డు మీద అంటించాల్సి వస్తుంది. గడ్డం, కళ్ళద్దాలు మారిన వేరే ఫోటో పెడితే గేటు దగ్గర ప్రశ్నలు వస్తాయి.

4. ఫారం నింపే రోజు

ఒక్కరే కూర్చోవద్దు. మెమోలు చూసి అంకెలు చదివి చెప్పడానికి ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. కంప్యూటర్‌లోనే నింపండి. నెట్ సెంటర్ వాళ్ళకు అప్పజెప్పకండి, ఎందుకంటే వాళ్ళ మెయిల్ ఐడీ, వాళ్ళ నంబరు పెట్టేస్తే తర్వాత ఇంటర్వ్యూ పిలుపు మీదాకా రాదు.

(అ) మెయిల్, ఫోన్. కాలేజీ ఇచ్చిన మెయిల్, ఆఫీసు మెయిల్ వద్దు. చదువు పూర్తయినా, ఉద్యోగం మారినా ఉండే సొంత మెయిల్ పెట్టండి. వచ్చే ఏడాది జులై దాకా ఆ సిమ్ మార్చకండి.

(ఆ) వర్గం. రిజిస్ట్రేషన్ గడువు ముగిశాక మార్చుకునే వీలు లేదు. జనరల్ అని పెట్టి తర్వాత ఓబీసీ కాగితం చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. సర్టిఫికెట్ ఇంకా రాకపోతే, దరఖాస్తు రశీదును అప్‌లోడ్ చేయనిస్తారేమో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చదవండి.

(ఇ) ఉద్యోగ అనుభవం. డిగ్రీ పూర్తయ్యాక చేసిన పూర్తికాలపు ఉద్యోగం మాత్రమే రాయండి. ఇంటర్న్‌షిప్ నెలలు కలిపి రాస్తే, కాగితాల తనిఖీలో రుజువు చూపలేక ఆఫరే పోయే ప్రమాదం ఉంది.

(ఈ) ప్రోగ్రాములు. క్యాట్ ఫీజు ఒక్కసారే. 2025లో 2600 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1300. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్ళకు తగ్గింపు లేదు. ఎన్ని ఐఐఎంలు ఎంచుకున్నా అదే ఫీజు, కాబట్టి “నాకు అహ్మదాబాద్ ఎలాగూ రాదు” అని వదిలేయకండి. అయితే ప్రోగ్రాం పేరు చదవండి. అహ్మదాబాద్‌లో ఆహార, వ్యవసాయ వ్యాపార నిర్వహణకు, రాంచీలో మానవ వనరుల నిర్వహణకు వేరే కోర్సులున్నాయి. అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాళ్ళు ఆ మొదటిదాన్ని తప్పక చూడాలి. మా జిల్లాలో దాని పేరైనా విన్నవాళ్ళు తక్కువ.

(ఉ) పరీక్ష నగరం. 2025లో ఐదు ఎంపికలిచ్చారు. హైదరాబాద్, వరంగల్, కరీంనగర్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి లాంటివి ఉంటాయి. పేరున్న ఊరి కంటే, ముందురోజు రాత్రి పడుకోవడానికి చుట్టాలిల్లు ఉన్న ఊరు మొదట పెట్టండి. ఉదయం స్లాటు 8:30కే మొదలవుతుంది.

(ఊ) ఇంటర్వ్యూ నగరం. దీన్ని పరీక్ష నగరమనుకొని పొరబడేవాళ్ళున్నారు. ఇది వేరే గడి.

సబ్మిట్ నొక్కే ముందు ప్రివ్యూను ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు పొద్దున మళ్ళీ చదవండి. గడువుకు వారం ముందే ఇదంతా చేస్తే ఆ ఒక్క రాత్రి దొరుకుతుంది. కట్టాక పీడీఎఫ్, ఫీజు రశీదు రెండూ దాచండి. తర్వాత దిద్దుకోవడానికి తెరిచే చిన్న గడువులో ఫోటో, సంతకం, పరీక్ష నగరాలు తప్ప మిగతావి మార్చనివ్వరు.

5. ఐఐఎంలు కాని కాలేజీలకు విడిగా అప్లై చేయాలి

క్యాట్ ఫారం నింపితే అన్ని కాలేజీలకూ అప్లై చేసినట్టే అనుకోవడం పెద్ద పొరపాటు. ఢిల్లీ ఎఫ్‌ఎంఎస్, గుర్‌గావ్ ఎండీఐ, ముంబయి ఎస్‌పీజేఐఎంఆర్, ఐఐటీల మేనేజ్‌మెంట్ విభాగాలు క్యాట్ స్కోరు తీసుకుంటాయి, కానీ ఫారం వేరు, ఫీజు వేరు. కొన్నిచోట్ల గడువు క్యాట్ ఫలితాలకు ముందే ముగుస్తుంది.

మన దగ్గరే ఉన్నవాటిని మరచిపోవద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏకు, వరంగల్ ఎన్‌ఐటీ ఎంబీఏకు క్యాట్ స్కోరుతో అప్లై చేయవచ్చు. ఇంటి పరిస్థితి బాగాలేనివాళ్ళకు సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏ నేను మొదట చెప్పే పేరు, ఎందుకంటే ఐఐఎం ఫీజుతో పోలిస్తే అక్కడి ఫీజు చాలా తక్కువ.

అక్టోబరులో ఒక కాగితం మీద నాలుగు నిలువు వరుసలు గీయండి: కాలేజీ, గడువు, ఫీజు, కట్టానా లేదా. ఐదారు చాలు. పదిహేను కాలేజీలకు కడితే ఫీజులకే వేలకు వేలు అవుతాయి.

ఏవి ఎంచుకోవాలి? ప్రతి సంస్థా తన అడ్మిషన్ విధానాన్ని వెబ్‌సైట్‌లో పెడుతుంది. క్యాట్‌కు ఎంత, పది, ఇంటర్, డిగ్రీ మార్కులకు ఎంత, ఉద్యోగ అనుభవానికి ఎంత, అమ్మాయిలకూ ఇంజినీరింగ్ కాని వాళ్ళకూ అదనంగా ఏమైనా ఉందా అన్నది అక్కడ చదవండి. ఇంటర్‌లో 65 శాతం వచ్చినవాళ్ళు పాత మార్కులకు ఎక్కువ వెయిటేజీ ఇచ్చే చోట ఆశ పెట్టుకొని, తక్కువ ఇచ్చే చోట ఫారమే వేయకపోవడం నేను ఏటా చూస్తున్నాను.

6. పరీక్ష గురించి క్లుప్తంగా

మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాని నుంచి మరోదానికి వెళ్ళే వీలు లేదు. సరైన జవాబుకు మూడు మార్కులు, బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పుకు ఒకటి తీసేస్తారు. టైపు చేసే జవాబులకు నెగెటివ్ మార్కు లేదు, అందుకని వాటిని ఖాళీగా వదలొద్దు. ప్రతి విభాగంలోనూ కనీస పర్సంటైల్ అడుగుతారు. లెక్కల్లో 99 వచ్చి ఇంగ్లిష్ విభాగంలో 60 దగ్గర ఆగిపోయిన మన బీటెక్ పిల్లలకు పిలుపు రాకపోవడానికి కారణం ఇదే. స్కోరు మరుసటి ఏడాది డిసెంబరు 31 దాకా చెల్లుతుంది.

7. షార్ట్‌లిస్టు వచ్చాక

ఫలితం వచ్చిన రోజు నుంచి మెయిల్ రోజుకు రెండుసార్లు చూడండి, స్పామ్ పెట్టెతో సహా. ఐఐఎంలు మళ్ళీ ఒక ఫారం పంపుతాయి, దానికీ గడువుంటుంది. కొన్ని కొత్త ఐఐఎంలు కలిసి ఒకే ఇంటర్వ్యూ పెడతాయి, దాన్ని క్యాప్ అంటారు. 2015లో మొదలైన మన విశాఖపట్నం ఐఐఎం కూడా క్యాప్ ద్వారా పిల్లల్ని తీసుకుంటూ వచ్చింది.

ఇంటర్వ్యూకు ఈ వరుసలో తయారవండి:

1. మీ ఫారం. మీరు రాసిన ప్రతి మాటా ప్రశ్న అవుతుంది. హాబీ దగ్గర క్రికెట్ అని రాస్తే ఎల్‌బీడబ్ల్యూ నియమం చెప్పగలగాలి.

2. డిగ్రీ సబ్జెక్టులు. రెండు ఎంచుకొని పునాది నుంచి చదవండి. “ఎంబీఏకి వస్తూ థర్మోడైనమిక్స్ ఎందుకు” అని అడగలేం. నాలుగేళ్ళు చదివినదాన్ని వివరించగలరా అనే వాళ్ళు చూస్తారు.

3. ఎంబీఏ ఎందుకు. “మేనేజ్‌మెంట్ స్కిల్స్ కోసం” అంటే అది జవాబు కాదు. మీ పనిలో ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. “మా నాన్న ఎరువుల కొట్టు నడుపుతారు, అప్పు మీద అమ్మిన సరుకు డబ్బు ఏడాదికి గానీ తిరిగి రాదు, ఆ లెక్క నాకు అర్థం కావాలి” అన్న మాట చాలా గట్టిది. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్న మాట కాదది.

4. మీ ఊరు. గుంటూరు నుంచి వెళ్తే మిర్చి యార్డు ఎలా నడుస్తుందో, నిజామాబాద్ అయితే పసుపు ధర ఎందుకు ఊగుతుందో, సిరిసిల్ల అయితే మరమగ్గాల సంగతేమిటో తెలుసుకొని వెళ్ళండి. ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి ఇద్దరితో మాట్లాడితే చాలు.

5. రోజువారీ వార్తలు. ఒక ఇంగ్లిష్ పత్రిక, అందులో ఆర్థిక పేజీ. మూడు నెలలు.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు ఒక మాట. మీ యాసను దాచాల్సిన పని లేదు. చిన్న వాక్యాలు, నిదానంగా, పూర్తిగా చెప్పండి. రోజూ ఇరవై నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకొని వినండి. నాలుగు వారాల్లో తేడా మీకే వినిపిస్తుంది. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పండి. అల్లి చెబితే తర్వాతి ప్రశ్నలోనే దొరికిపోతారు.

ఇంటర్వ్యూతో పాటు చాలాచోట్ల చిన్న రాత పరీక్ష ఉంటుంది. వారానికి రెండు వ్యాసాలు, ఇరవై నిమిషాల్లో, చేత్తో రాసి ఎవరికైనా చూపించండి.

ఇంటర్వ్యూ ఫైలు:

☐ పిలుపు లేఖ, నింపిన ఫారం
☐ అన్ని మెమోల ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్సులు
☐ వర్గ ధ్రువపత్రం ఒరిజినల్
☐ ఉద్యోగ కాగితాలు
☐ గుర్తింపు కార్డు, అదే ఫోటో

8. ఆఫర్ వచ్చాక

ఆఫర్ ఒప్పుకోవడానికి కొద్ది రోజులే ఇస్తారు, ఆ లోపే కొంత సొమ్ము కట్టాలి. ఆ డబ్బు మార్చికల్లా సిద్ధంగా ఉండాలి. వెనక్కి ఎంత ఇస్తారో, ఏ తేదీలోపు వదులుకుంటే ఇస్తారో కట్టే ముందే చదవండి. వెయిటింగ్ లిస్టులో ఉంటే నిరుత్సాహపడొద్దు, జూన్ దాకా జాబితా కదులుతూనే ఉంటుంది.

పాత ఐఐఎంలలో రెండేళ్ళ ఫీజు పాతిక లక్షల చుట్టూ ఉంది. ఈ అంకె చూసి పొలం అమ్మేద్దామనుకునే తండ్రులున్నారు. ఆగండి. ఐఐఎం సీటుకు బ్యాంకులు తనఖా లేకుండా విద్యారుణం ఇస్తాయి, ఎస్‌బీఐలో స్కాలర్ లోన్ అని ప్రత్యేక పథకమే ఉంది. కేంద్రం 2024లో పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని కూడా ఆమోదించింది. మీ ఊరి బ్రాంచిలో తెలియదంటే జిల్లా కేంద్రంలో పెద్ద బ్రాంచికి ఆఫర్ లెటర్, ఫీజు వివరాలు, తల్లిదండ్రుల ఆదాయ రుజువులు, ఆధార్, పాన్ తీసుకెళ్ళండి. రెండు బ్యాంకుల్లో అడిగి వడ్డీ పోల్చుకోండి. ఇంకా పిలుపు దశలోనే ఒకసారి వెళ్ళి ఏ కాగితాలు కావాలో రాయించుకొస్తే, ఆఫర్ వచ్చిన వారంలోనే పని మొదలవుతుంది.